పొద్దు వాలినా ఆగని యుద్ధం

1815 జూన్ 18న వాటర్లూలో మొదటి ఫిరంగి పేలేసరికి మధ్యాహ్నం కావస్తోంది. రాత్రి తొమ్మిదయ్యేసరికి నెపోలియన్ సైన్యం చెల్లాచెదురై పరుగులు తీస్తోంది. ఐరోపా తలరాతను మార్చిన పోరు ఒక్క పూటలో తేలిపోయింది. నష్టం తక్కువేమీ కాదు. చనిపోయినవాళ్లు, గాయపడినవాళ్లు కలిపితే 40 వేల పైమాటే. గాయాలతో కూలబడిన వాళ్లలో కొందరు మోసుకెళ్లే దిక్కులేక రోజుల తరబడి అక్కడే పడి ఉన్నారు. అయినా ఒంటికి దెబ్బ తగలకుండా బయటపడిన సిపాయికి ఆ రాత్రి ఒక సంగతి కచ్చితంగా తెలుసు. ఇవాళ్టికి ఇక అయిపోయింది.

నూటొక్క ఏళ్ల తర్వాత, మొదటి ప్రపంచ యుద్ధంలో, ఫ్రెంచ్ సైన్యం వెర్దన్ దగ్గర జర్మన్లతో తలపడింది. 1916 ఫిబ్రవరి 21న మొదలైన ఆ పోరు డిసెంబర్ 18 దాకా, అంటే దాదాపు 300 రోజులు నడిచింది. అదే ఏడాది సొమ్ నది దగ్గర ఇంకో యుద్ధం 141 రోజులు సాగింది. ఇక్కడ సాయంత్రం కాగానే ఆగిపోయేదేమీ లేదు. తెగిన ముళ్లకంచెలు బాగుచేసుకోవడం, తిండి మోసుకురావడం, శవాలు తీయడం, గస్తీ తిరగడం, అన్నీ చీకటి పడ్డాకే. పొద్దు వాలగానే పోరు ఆపి శిబిరాలకు తిరిగివెళ్లే పద్ధతి పురాణాల్లోనే మిగిలింది. అక్కడా ఆ నియమం చివరిదాకా నిలవలేదనుకోండి.

యుద్ధం ఎలా మారిందని అడిగితే సాధారణంగా ఆయుధాల జాబితా చెబుతారు. మెషిన్ గన్, ట్యాంకు, విమానం, క్షిపణి, డ్రోన్. సైనికుడి వైపు నుంచి చూస్తే మాత్రం లెక్క వేరుగా ఉంటుంది. భయాన్ని కాసేపు పక్కన పెట్టి కునుకు తీయడానికి అతనికి దొరికే చోటు, సమయం తగ్గిపోతూ వచ్చాయి. ఆయుధం ఎంత పెద్దదన్న దానికంటే, దాని అందుబాటులోంచి బయటికి వెళ్లే వీలు ఎంత ఉందన్నదే సైనికుడి మనసును ఎక్కువగా నిలబెట్టింది, లేదా పడగొట్టింది.

మనసు దెబ్బతినడం కొత్త సంగతేమీ కాదు. 1688లో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి ఇంటికి దూరమై కుంగిపోయే జబ్బుకు 'నోస్టాల్జియా' అని పేరు పెట్టాడు. పరాయి దేశాల్లో కొలువు చేసే స్విస్ సైనికుల విషయంలో ఆ మాట బాగా వాడుకలోకి వచ్చింది. పాత పాటలు వింటూ ఇప్పుడు మనం తేలిగ్గా అనేసే ఆ మాట అసలు పుట్టింది జబ్బు పేరుగా. అమెరికా అంతర్యుద్ధం ముగిశాక 1871లో జాకబ్ డా కోస్టా అనే డాక్టర్, గుండెలో లోపమేమీ కనిపించకున్నా దడతో, ఆయాసంతో బాధపడే సైనికుల గురించి రాశాడు. అంటే డాక్టర్లు చాలాకాలంగా దీన్ని చూస్తూనే ఉన్నారు. కాకపోతే అది పదుల వేల సంఖ్యలో రావడం మొదటి ప్రపంచ యుద్ధపు కందకాలతోనే మొదలైంది.

1915 ఫిబ్రవరిలో బ్రిటిష్ డాక్టర్ చార్లెస్ మైయర్స్ 'లాన్సెట్' పత్రికలో మూడు కేసుల గురించి రాశాడు. అందులో మొదటివాడికి ఇరవై ఏళ్లు. ముళ్లకంచెలో చిక్కుకుని విడిపించుకోలేక గింజుకుంటుండగా చుట్టూ గుండ్లు పేలాయి. ఒంటి మీద చెప్పుకోదగ్గ గాయం లేదు. కానీ చూపు మసకబారింది, వణుకు తగ్గలేదు. 'షెల్ షాక్' అనే మాట అచ్చులోకి వచ్చింది ఆ వ్యాసంతోనే. గుండు పేలినప్పుడు పుట్టే తాకిడికి మెదడులో ఏదో దెబ్బతింటోందని మొదట అనుకున్నారు. తర్వాత గుండు దరిదాపుల్లో లేనివాళ్లకూ అవే లక్షణాలు కనిపించాయి. దాంతో ఇది మనసుకు సంబంధించినదన్న వాదం బలపడింది. అదే అదనుగా, ఇది మనసుది కాబట్టి పిరికితనమే అనేవాళ్లూ బయల్దేరారు. ఆ యుద్ధంలో పారిపోవడం, పిరికితనం వంటి నేరాల కింద బ్రిటన్, దాని సామ్రాజ్యపు సైన్యాల్లో కాల్చి చంపినవారిలో 306 మందికి బ్రిటిష్ పార్లమెంటు 2006లో క్షమాభిక్ష ప్రకటించింది. వాళ్లలో ఎందరు జబ్బుపడినవాళ్లో ఇప్పుడు తేల్చే దారి లేదు.

వెర్దన్‌లో ఫ్రెంచ్ జనరల్ పెతాన్ చేసిన పని ఒకటుంది. ఒక డివిజన్‌ను (వేలమంది ఉండే సైనిక దళాన్ని) అది పూర్తిగా నలిగిపోయేదాకా అక్కడే ఉంచకుండా, కొన్నాళ్లకు వెనక్కి తీసి ఇంకోదాన్ని పంపేవాడు. ఈ పద్ధతికి 'నోరియా' అని పేరు. బొక్కెనలు కట్టి నీళ్లు తోడే చక్రం అని దానర్థం. నిండిన బొక్కెన పైకి వస్తుంటే ఖాళీది కిందికి దిగుతుంది చూడండి, అలాగన్నమాట. దీనివల్ల ఫ్రెంచ్ డివిజన్లలో ఎక్కువ భాగం ఏదో ఒక సమయంలో వెర్దన్ చూసొచ్చింది. జర్మన్లు ఎక్కువగా ఇందుకు భిన్నంగా చేశారు. పాత డివిజన్‌నే అక్కడ ఉంచి, చచ్చినవాళ్ల స్థానంలో కొత్తవాళ్లను నింపుతూ పోయారు. పక్కనున్నవాడి పేరు కూడా సరిగా తెలియని కుర్రాడు నేరుగా నరకంలో దిగేవాడు. పెతాన్ పద్ధతికి పైవాళ్ల నుంచి సణుగుడు తప్పలేదు. ఇన్ని డివిజన్లు వెర్దన్ కోసమే ఖర్చయితే మిగతాచోట్లకు ఏం మిగులుతాయన్నది వాళ్ల బాధ.

మరుసటి ఏడాది ఆ సణుగుడుకు జవాబు దొరికింది. 1917 ఏప్రిల్‌లో ఫ్రెంచ్ జనరల్ నివెల్ చేయించిన దాడి విఫలమయ్యాక ఫ్రెంచ్ డివిజన్లలో సగం దాకా ఏదో ఒక స్థాయిలో తిరగబడ్డాయి. చాలామంది సైనికులు కందకాలు వదిలి పారిపోలేదు. ఉన్నచోట కాపలా కాస్తాం, పనికిమాలిన దాడులకు మాత్రం కదలమన్నారు. వాళ్ల డిమాండ్లలో సెలవు, తిండి ముందు వరుసలో ఉన్నాయి. మళ్లీ పెతాన్‌నే పిలిచారు. కొందరికి మరణశిక్షలు పడ్డాయి. దాంతోపాటు నాలుగు నెలలకోసారి ఏడు రోజుల సెలవు కచ్చితంగా ఇచ్చే ఏర్పాటు చేశాడు, వంటశాలలు బాగుచేయించాడు. ఆ సైన్యం మరో ఏడాదిన్నర పోరాడి గెలిచే పక్షాన నిలిచింది. వ్యూహాల పాఠాల్లో వంటశాలకు, సెలవు చీటీకి పెద్దగా చోటుండదు గానీ, ఉండాల్సిందే.

అదే కాలంలో వైద్యులు కూడా ఒక పద్ధతి కనిపెట్టారు. కుప్పకూలిన సైనికుణ్ని దూరంగా ఉన్న ఆస్పత్రికి పంపేస్తే అతను రోగిగానే ఉండిపోతున్నాడు. యుద్ధరంగానికి దగ్గర్లోనే ఉంచి, ఆలస్యం చేయకుండా, వేడి తిండి, నిద్ర ఇచ్చి, 'నాలుగు రోజుల్లో నీ వాళ్ల దగ్గరికి వెళ్తావు' అని చెబితే చాలామంది తిరిగి నిలబడుతున్నారు. ఫ్రెంచ్, బ్రిటిష్ డాక్టర్ల అనుభవం చూసి అమెరికన్ డాక్టర్ థామస్ సాల్మన్ దీన్ని తమ సైన్యానికి పద్ధతి ప్రకారం అందించాడు. ఇప్పటికీ సైన్యాల్లో ఇంచుమించు ఇదే సూత్రం. ఇందులో చిన్న మెలిక ఉంది. మందు పనిచేసేది మనిషిని మళ్లీ అదే కందకంలోకి పంపడానికే. అది వైద్యమా, మరమ్మతా అన్న ప్రశ్న అప్పటినుంచీ అలాగే ఉంది.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి ఈ పాఠాలన్నీ మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. 1943 ఆగస్టులో సిసిలీలో అమెరికన్ జనరల్ పాటన్ రెండు సైనిక ఆస్పత్రుల్లో, వారం తేడాతో, ఇద్దరు సైనికుల్ని పిరికిపందలని తిట్టి చెంప పగలగొట్టాడు. వాళ్లలో మొదటివాడికి మలేరియా జ్వరం కూడా ఉందని తర్వాత తేలింది. పైఅధికారి ఐసెన్‌హోవర్ ఆదేశంతో పాటన్ క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది.

పాటన్ చేతికంటే గట్టి జవాబు లెక్కల్లోంచి వచ్చింది. జాన్ ఆపెల్, గిల్బర్ట్ బీబ్ అనే ఇద్దరు అమెరికా సైన్యంలోని పదాతి దళాల మీద చేసిన పరిశీలనను 1946లో ప్రచురించారు. పోరాటానికి ఎవరూ 'అలవాటు పడరు' అన్నది వాళ్లు తేల్చిన మొదటి మాట. సైనికుడు తొలి తొంభై రోజుల్లో పని నేర్చుకుని బాగా రాటుదేలతాడు, అక్కణ్నుంచి జారడం మొదలవుతుంది. పోరాటంలో గడిపిన రోజులు 200 నుంచి 240 అయ్యేసరికి సగటు సైనికుడు పోరాడలేని స్థితికి చేరతాడు. ధైర్యవంతుడా, పిరికివాడా అన్న తేడా ఇందులో లేదు. ధైర్యవంతుడికి కొంచెం ఎక్కువ రోజులు పడుతుందంతే. ఇంకా ఆసక్తికరమైన సంగతి ఏమిటంటే, బ్రిటిష్ సైనికుడు దాదాపు 400 రోజులు నిలబడగలడని అప్పటి అంచనా. బ్రిటిష్ వాళ్ల రక్తంలో ప్రత్యేకంగా ఏమీ లేదు. వాళ్లు పన్నెండు రోజులకో, అంతకంటే ముందో మనిషిని వెనక్కి తీసి నాలుగు రోజులు విశ్రాంతి ఇచ్చేవారు. అమెరికన్లు డివిజన్లు తక్కువ కావడంతో నెలకు పైగా ఒకేచోట ఉంచేసేవారు. నాలుగు రోజుల నిద్ర మనిషి ఓపికను ఇంచుమించు రెట్టింపు చేసిందన్నమాట. ఇలాంటి సగటు లెక్కల్ని అక్షరాలా పట్టుకోకూడదు. అయితే సూచన ఏ దిక్కుగా ఉందో స్పష్టమే.

అటువైపు సైన్యాలు నిద్రను జయించడానికి ఇంకో దారి వెతికాయి. 1940 ఏప్రిల్ నుంచి జులై దాకా జర్మన్ సైన్యం తన వాళ్లకు నిద్ర రానివ్వని మెథాంఫెటమిన్ మాత్రలు మూడున్నర కోట్లు పంచింది. ట్యాంకులు రోజుల తరబడి ఆగకుండా సాగిన వేగం వెనక ఆ మాత్రల పాత్ర కూడా ఉంది. యాభై ఏళ్ల తర్వాత, 1991 గల్ఫ్ యుద్ధంలో చీకట్లో చూడగలిగే పరికరాలున్న సైన్యానికి రాత్రే అనుకూలమైన వేళ అయింది. ఇక గడియారంలో యుద్ధానికి సెలవు గంట అంటూ మిగల్లేదు.

వియత్నాంలో అమెరికా ఈ లెక్కలు గుర్తుపెట్టుకుని ఒక్కొక్కరికి 12 నెలల గడువు పెట్టింది. మెరైన్లకు 13. పైకి చూస్తే మంచి ఆలోచనే. యుద్ధం జరుగుతున్నప్పుడు మనసు చెదిరి బయటికి వచ్చినవాళ్ల సంఖ్య కూడా తక్కువగా కనిపించి డాక్టర్లు సంబరపడ్డారు. తిరకాసు వేరేచోట ఉంది. గడువు దళానిది కాదు, మనిషిది. ఒక్కడే వచ్చి, ముక్కూమొహం తెలియని దళంలో చేరి, రోజులు లెక్కపెట్టుకుని, ఒక్కడే వెళ్లిపోతాడు. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చినవాళ్లు ఓడలో తోటివాళ్లతో రోజుల తరబడి కబుర్లాడుతూ, తిట్టుకుంటూ, ఏడుస్తూ ఇల్లు చేరారు. వియత్నాం సైనికుడు విమానమెక్కి ఒకటి రెండు రోజుల్లో సొంతూరి వీధిలో దిగాడు. బూటుకు అంటిన అడవి మట్టి ఇంకా రాలనే లేదు. బాధ ఏళ్ల తర్వాత బయటపడింది. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం పీటీఎస్‌డీని, అంటే భయంకర అనుభవం తర్వాత వదలకుండా వేధించే మానసిక బాధను, అధికారికంగా జబ్బుల జాబితాలో చేర్చడంలో ఈ మాజీ సైనికుల పోరాటానిదే పెద్ద చేయి. ఆ దశాబ్దం చివర్లో జరిగిన జాతీయ సర్వేలో, వియత్నాంలో పనిచేసిన మగవాళ్లలో దాదాపు 15 శాతం మందికి అప్పటికీ ఆ జబ్బు ఉందని తేలింది.

అందరి బాధా భయం వల్ల వచ్చిందే కాదన్న సంగతి వియత్నాం సైనికులతో మాట్లాడిన మనోవైద్యుడు జొనాథన్ షే గట్టిగా పట్టుకున్నాడు. కొందర్ని తొలిచేది తాము చూసిన చావు కాదు. తాము చేసిన పని, లేదా పైఅధికారి చేయించిన పని. దానికి నైతిక గాయం అని పేరు వచ్చింది. భయానికి విశ్రాంతి కొంత మందు. తప్పు చేశానన్న భావానికి నిద్ర పట్టదు, పట్టినా ఉపయోగం లేదు.

ఇరాక్, అఫ్గానిస్థాన్ వచ్చేసరికి ముందు వరుస, వెనక వరుస అన్న తేడా చెరిగిపోయింది. రోడ్డు పక్క మందుపాతర వంటవాడు నడిపే లారీకైనా పేలుతుంది. అదే సమయంలో వైద్యం ఎవరూ ఊహించనంత ముందుకు పోయింది. రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడిన అమెరికన్లలో దాదాపు 30 శాతం చనిపోతే, ఈ యుద్ధాల్లో అది 10 శాతం దగ్గరికి దిగింది. రక్తం ఆపడానికి చేయికో కాలికో బిగించే టూర్నికే పట్టీ ప్రతి సైనికుడి జేబులోకి చేరింది. గాయపడినవాణ్ని గంటలోపు హెలికాప్టర్‌లో ఆపరేషన్ బల్ల మీదికి చేర్చాలని 2009లో రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ ఆదేశించాడు. అంతకుముందు యుద్ధాల్లో కచ్చితంగా చనిపోయేవాళ్లు బతికారు, రెండు కాళ్లు లేకుండానో, తలలో దెబ్బతోనో. 2007లో అమెరికా సైన్యం ఇరాక్‌లో డ్యూటీ గడువును 12 నుంచి 15 నెలలకు పెంచింది. డ్యూటీ పొడవయ్యే కొద్దీ, మళ్లీ మళ్లీ వెళ్లే కొద్దీ, మధ్యలో ఇంటి దగ్గర గడిపే కాలం తగ్గే కొద్దీ మానసిక సమస్యలు పెరుగుతున్నాయని సైన్యం సొంత బృందాలే నివేదించాయి. 1946 నాటి లెక్క మళ్లీ ఎదురొచ్చిందన్నమాట.

ఇక్కడే షెల్ షాక్ కథ ఓ వింత మలుపు తిరిగింది. 2016లో డేనియల్ పెర్ల్ అనే నిపుణుడి బృందం, పేలుళ్లకు గురై తర్వాత ఏ కారణంతోనో చనిపోయిన సైనికుల మెదళ్లను పరీక్షించి, వాటిలో మామూలు తలదెబ్బల్లో కనిపించని తరహా మచ్చలు చూసింది. పేలుడు తాకిడికి మెదడులో ఏదో దెబ్బతింటుందన్న 1915 నాటి మొదటి అనుమానం కొందరి విషయంలోనైనా నిజమేనని దీన్నిబట్టి అనుకోవాలి. శత్రువు గుండే కానక్కర్లేదు. సొంత ఫిరంగి పక్కన నిలబడి వేల గుండ్లు పేల్చినవాళ్ల మెదడు మీద కూడా ఆ ఒత్తిడి ప్రభావం ఉంటుందన్న ఆందోళన ఇప్పుడు సైన్యాల్లో ఉంది.

యుద్ధం నుంచి సైనికుణ్ని ఏకంగా వేల కిలోమీటర్ల దూరం జరిపేస్తే ఎలా ఉంటుంది? 2001 అక్టోబర్‌లో అఫ్గానిస్థాన్‌లో ప్రిడేటర్ డ్రోన్ తొలిసారి యుద్ధంలో క్షిపణి పేల్చింది. తర్వాతి ఏళ్లలో అమెరికాలోని నెవాడాలో క్రీచ్ వైమానిక స్థావరం ఇలాంటి డ్యూటీకి పెట్టింది పేరైంది. పైలట్ ఎయిర్ కండిషన్ గదిలో కూర్చుని, ఒక ఇంటిని రోజుల తరబడి పైనుంచి చూస్తాడు. ఆ ఇంట్లో ఎవరు ఎప్పుడు లేస్తారో, పిల్లలు ఎక్కడ ఆడతారో అతనికి తెలుసు. పేల్చమన్న రోజు పేలుస్తాడు. ఫైటర్ జెట్ పైలట్ అయితే బాంబు వదిలి వెనక్కి తిరుగుతాడు. ఇతను మాత్రం కదలకుండా అక్కడే చూస్తూ ఉండాలి, ఎవరు చనిపోయారో లెక్క చెప్పాలి. షిఫ్టు అయ్యాక కారెక్కి ఇంటికి. ఒంటికి ముప్పు లేదు కదా, వీళ్లకేం బాధ అన్నవాళ్లున్నారు. మామూలు యుద్ధ విమాన పైలట్లతో సమానంగా వీళ్లలోనూ మానసిక సమస్యలు ఉన్నాయని 2013లో అమెరికా సైనిక ఆరోగ్య విభాగం అధ్యయనం చెప్పింది. ఇంటికీ యుద్ధానికీ మధ్య ఉండాల్సిన దారి ఇక్కడ ఓ కారు ప్రయాణమంత పొట్టిది.

2022 తర్వాత ఉక్రెయిన్‌లో డ్రోన్ అంటే అర్థమే మారిపోయింది. ఇది ఎక్కడో ఎత్తున ఎగిరే ఖరీదైన విమానం కాదు. నాలుగు రెక్కల చిన్న యంత్రం, కింద కట్టిన పేలుడు పదార్థం, కళ్లకు గాగుల్స్ పెట్టుకుని దాన్ని నడిపే కుర్రాడు. రెండువైపులా ఇవి లక్షల్లో తయారవుతున్నాయి. రేడియో సంకేతాల్ని అడ్డుకునే జామర్లు పెడితే, వెంట్రుకలాంటి ఫైబర్ తీగను వెనకాల వదులుకుంటూ ఎగిరేవి వచ్చాయి. వాటిని జామ్ చేయడం కుదరదు. పొలాల మీద ఆ తీగలు సాలెగూళ్లలా పరుచుకుని ఉంటాయి. రోడ్లకు పైన చేపల వలలు కట్టారు. సైనికులు తుపాకీలతో పాటు పిట్టల్ని కొట్టే షాట్‌గన్‌లు మోస్తున్నారు. ముందు వరుసకు రెండుపక్కలా పది పదిహేను కిలోమీటర్ల మేర పగటిపూట కదిలేది ఏదైనా పైనుంచి కనిపిస్తుంది, కనిపిస్తే దాడి తప్పదు.

దీనివల్ల పెద్ద దళాల దాడి అన్నదే అరుదైపోయింది. ఇద్దరు ముగ్గురు కలిసి ఒక గుంటలోనో, కూలిన ఇంటి నేలమాళిగలోనో వారాల తరబడి, కొన్నిసార్లు నెలల తరబడి ఉండిపోతారు. కందకంలో వందమంది మధ్య ఉండే భయం ఒకటి, నేలమాళిగలో ఇద్దరే ఉన్నప్పటి భయం ఇంకొకటి. ఫిరంగి గుండు ఎవరినీ చూసి రాదు, ఎక్కడో పడుతుంది. డ్రోన్ అలా కాదు. తలుపు దగ్గర ఆగి, లోపలికి తొంగిచూసి, ఆ ఒక్క మనిషినే ఎంచుకుని వస్తుంది. ఆ గుయ్యిమనే చప్పుడు చెవిలో ఉండిపోయి, ఇంటికొచ్చాక మోటార్‌సైకిల్ వెళ్లినా నేలకు వంగిపోయేవాళ్లున్నారు. నడిపేవాడి పరిస్థితి కూడా తేలికేమీ కాదు. ఎదుటివాడు చివరి క్షణంలో చేతులు జోడించడం అతనికి తెరమీద దగ్గరగా కనిపిస్తుంది. దాడి వీడియోను రుజువుగా పంపితే దళానికి పాయింట్లు, ఆ పాయింట్లతో కొత్త పరికరాలు తీసుకునే ఏర్పాటు ఉక్రెయిన్‌లో నడుస్తోంది. సామాన్ల పంపిణీకి ఇది తెలివైన పద్ధతే కావచ్చు. దాని ఫలితం ఆ కుర్రాళ్ల మనసుల్లో ఏ రూపంలో బయటపడుతుందో తెలియడానికి, వియత్నాం అనుభవాన్ని బట్టి చూస్తే, చాలా ఏళ్లు పట్టొచ్చు.

గంటలోపు హెలికాప్టర్ అన్న మాట ఇక్కడ కుదరదు. హెలికాప్టర్ సంగతి అటుంచి, అంబులెన్స్ కూడా దగ్గరికి రాలేదు. టూర్నికే బిగించాక రెండు గంటల్లో వైద్యం అందాలి. ఆరు గంటలు దాటితే సాధారణంగా ఆ కాలో చేయో దక్కదు. గాయపడినవాళ్లు ఒక రోజు, రెండు రోజులు గుంటలోనే చీకటి కోసం చూస్తున్నారు. మనుషుల్ని మోసే చక్రాల రోబోలను పంపడం మొదలైంది. కొన్ని చేరుతున్నాయి, కొన్ని దారిలోనే పేలిపోతున్నాయి.

ఇక వంతు మార్చే సంగతి. వెర్దన్‌లో సైనికుణ్ని కాపాడిన పనే ఇప్పుడు అన్నిటికంటే ప్రమాదకరమైన పనైంది. గుంటలో ఉన్నవాడికంటే గుంటకు వెళ్లేవాడు, గుంట నుంచి వచ్చేవాడు ఎక్కువగా చనిపోతున్నాడు. అందుకే అధికారులు ఉన్నవాళ్లను ఉన్నచోటే ఉంచేస్తున్నారు. దాని వెనక మనుషుల కొరత కూడా ఉంది. 36 నెలలు పనిచేసినవారిని ఇంటికి పంపాలన్న నిబంధనను ఉక్రెయిన్ పార్లమెంటు 2024 ఏప్రిల్‌లో ఆమోదించిన చట్టంలోంచి తీసేశారు. ఎంతకాలమో తెలియకుండా ఉండటమే అన్నిటికంటే పెద్ద టెన్షన్ అని అక్కడి సైనికులు, వాళ్ల కుటుంబాలు వీధుల్లోకి వచ్చి మరీ చెప్పారు.

నీళ్లసీసాలు, బ్యాటరీలు, మందులు, ఎండుతిండి పెద్ద డ్రోన్లు రాత్రిపూట పైనుంచి జారవిడుస్తాయి. మనిషి స్థానంలో మనిషి రావాలంటే మాత్రం ఆ పది కిలోమీటర్లూ కాలినడకనే రావాలి. అందుకే బయల్దేరే ముందు దళాలు వాతావరణ సూచన చూసుకుంటాయి, గట్టి వాన పడుతుందా, పొగమంచు దిగుతుందా అని.